కత్తికి పూజ సరే, కత్తి పట్టినోడి పేరేది?

దసరా వచ్చిందంటే చాలు, పేపర్లలో ఒక ఫోటో పడుతుంది. అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా. వీధి వీధికీ ఒక వాహనం, వాహనం ముందు కుర్రాళ్లు, చేతుల్లో కత్తులు, బల్లేలు, కర్రలు. కళ్లకు గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి మీద పెట్టిన కూరగాయని ఒక్క వేటుతో నరుకుతారు. ఫోటో కింద ఎప్పుడూ ఒకటే రాత: "తరతరాల వారసత్వం", "పూర్వీకుల వీరత్వానికి గుర్తు". గుళ్లలో బీరువాల్లో ఉన్న పాత కత్తులకీ శూలాలకీ ఆ వారం రోజులూ పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. ఆ తర్వాత మళ్లీ తాళం.

బాగానే ఉంది. ఆ ఆయుధాలకి విలువ లేదని మేమూ అనడం లేదు. ఉంది. చాలా ఉంది. మా తగాదా విలువ దగ్గర కాదు, లెక్క దగ్గర. "పూర్వీకుల" అన్నారు గదా, ఎవరి పూర్వీకులు? ఆ ఇనుముని కరిగించిందెవరు? ఆ డాలుకి తోలు ఇచ్చిందెవరు? జాతరలో ఆ కత్తి ఎత్తి దున్నని నరికిందెవరు? యుద్ధంలో దాన్ని పట్టుకుని చచ్చిందెవరు? వీటికి జవాబు చెప్పకుండా "చారిత్రక విలువ" అనే మాట వాడితే అది చరిత్ర కాదు, సగం చరిత్ర. మిగతా సగం మన పేటల్లో ఉంది. ఈ వ్యాసం ఆ సగం గురించి.

మన ఊళ్లలో ఉన్నవేంటి?

ముందు మన కళ్లెదుట ఉన్నవి చూద్దాం. కోనసీమలో గుడి ఆయుధం అంటే ఒకటి కాదు, చాలా రకాలున్నాయి.

అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి ఉత్సవాల్లో మాఘ పౌర్ణమి నాడు చక్రస్నానం చేయిస్తారు. సుదర్శన చక్రాన్ని మోసుకెళ్లి సముద్రంలో ముంచుతారు. వేలాది జనం ఆ చక్రంతో పాటే మునుగుతారు. వీరభద్రుడి సంబరాల్లో కత్తి పట్టుకుని ఖడ్గాలు చదువుతారు. శూలాలు ఎత్తుతారు, నారసాలు గుచ్చుకుంటారు. ఇక ఊరూరా గ్రామదేవతల గుళ్లలో అమ్మవారి కత్తి ఉంటుంది. పక్కనే పోతురాజు. జాతరకి గరగలు లేచినప్పుడు ఆ కత్తి కూడా బయటికొస్తుంది.

ఈ మూడింటిలో మన జనానికి దగ్గరిది మూడోది. గ్రామదేవతల జాతరలో మాల మాదిగల పనేంటో పెద్దోళ్లని అడిగితే చెబుతారు. పెద్దోళ్లు చెప్తే నమ్మనివాళ్ల కోసం దొరలు రాసింది కూడా ఉంది. హెన్రీ వైట్‌హెడ్ అని మద్రాసు బిషప్పు, దక్షిణ దేశపు గ్రామదేవతల మీద 1916లో పుస్తకం వేశాడు. తెలుగు ఊళ్లలో దున్నని నరికే పనీ, రక్తం కలిపిన అన్నాన్ని పొలిగా పొలిమేర చుట్టూ చల్లే పనీ మన కులాల చేత ఎలా చేయించారో అందులో ఊరి పేర్లతో సహా ఉంది. అమెరికా నుంచి వచ్చిన ఎల్మోర్ అనే మిషనరీ కూడా నూరేళ్ల కిందటే మాతంగుల గురించి, జాతరల గురించి రాశాడు.

అంటే ఏటి? ఏడాదిలో ఒక్క రాత్రి ఊరి క్షేమానికి మన చెయ్యి కావాలి. కలరా పోవాలన్నా, మశూచి పోవాలన్నా, వానలు పడాలన్నా మాలోడు కత్తి ఎత్తాలి, మాదిగోడు డప్పు కొట్టాలి. తెల్లారితే ఆ కత్తిని కడిగి, శుద్ధి చేసి, గుళ్లో పెట్టి తాళం వేసుకుంటారు. నరికినోడు మాత్రం గడప అవతలే. అదే చెయ్యి రాత్రి ఊరిని కాపాడింది, పొద్దున్నే ఊరికి మైల అయ్యింది. ఈ కిటుకు మనకి అర్థం కాలేదనుకుంటున్నారా?

మన పేటల్లో చాలాచోట్ల చదువు వచ్చాక, సంఘం వచ్చాక, ఈ పనులు చెయ్యం అన్నారు. దున్న నరకం, పొలి చల్లం, వెట్టి డప్పు కొట్టం అన్నారు. ఆ మాట అన్నందుకు కూలి పనులు ఆపించుకున్నారు, అయినా నిలబడ్డారు. వంద శాతం న్యాయమైన పని. వెట్టిని మళ్లీ తెమ్మని ఎవడైనా "సంప్రదాయం" పేరు చెప్పి అడిగితే చెప్పు చూపించాల్సిందే. అయితే పని మానెయ్యడం వేరు, ఆ పని చేసిన తాతల చరిత్రని వదులుకోవడం వేరు. వెట్టిని గోదాట్లో కలుపుదాం. చరిత్రని మాత్రం వాళ్ల బీరువాలో వదిలిపెట్టొద్దు.

కత్తి పుట్టుక

ఇప్పుడు కత్తి ఎలా పుట్టిందో చూద్దాం. నేను బడిపంతుల్ని. పిల్లలకి ఏ వస్తువు చూపించినా ముందు అడిగే ప్రశ్న ఇదే: దీన్ని ఎవరు చేశారు, దేనితో చేశారు?

ఇనుప రాయి కరగాలంటే బొగ్గు కావాలి, గాలి కావాలి. గాలి కొట్టేది తిత్తి. తిత్తి అంటే తోలు. కొలిమి తిత్తికి తోలు ఊనింది ఎవరు? మాదిగ. సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊని, మెత్తబరిచి ఇస్తేనే కమ్మరి కొలిమిలో నిప్పు లేచేది. తిత్తి లేకపోతే కొలిమి లేదు, కొలిమి లేకపోతే కత్తీ లేదు, నాగలి కర్రూ లేదు. కత్తి తయారయ్యాక ఒర కావాలి. ఒరకి తోలు తొడుగు, నడుముకి తోలు పట్టీ. డాలుకి పశువు తోలు. గుర్రానికి జీను, కళ్లెం. కాలికి చెప్పు. యుద్ధానికి బయల్దేరే ముందు మోగే భేరికీ, డప్పుకీ తోలు. రాజు కిరీటంలో మనం లేకపోవచ్చు గానీ, కాళ్ల నుంచి భుజం దాకా రాజు ఒంటి మీద ఉన్నదంతా మన చేతి పనే.

కమ్మరి సోదరుల పనితనం కూడా తక్కువేం కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రం అని ఒక ఊరుంది. ఆ ఊరి ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చి కూర్చునేవారు. ముద్దలుగా కొనుక్కుపోయి కత్తులు చేయించుకునేవారు. లోకం అంతా డమాస్కస్ కత్తి అని మెచ్చుకున్న రకం కత్తికి తెలుగు నేల ఉక్కు వాడారు. పేరు మాత్రం డమాస్కస్‌కి పోయింది. చేసినోడి పేరు పోయి అమ్మినోడి పేరు మిగలడం కొత్త సంగతి కాదన్నమాట.

"తాలింఖానా" అనే మాటని కూడా చూడండి. అది ఉర్దూ నుంచి వచ్చిన మాట. తాలీం నేర్పే చోటు అని అర్థం. అమలాపురం దసరాకి ముందు నడిచే విద్య పేరులోనే ముస్లిం ఉస్తాదుల జాడ ఉంది. ఇవాళ దాన్ని "హిందూ వీరత్వం" అని పోస్టర్ల మీద వేసుకునేవాళ్లు, ముందు ఆ మాట ఏ ఇంటి నుంచి వచ్చిందో పిల్లలకి చెప్పాలి గదా.

కాబట్టి గుళ్లో ఉన్న ఒక్క కత్తిలో మాదిగ తోలు ఉంది, కమ్మరి సుత్తి దెబ్బ ఉంది, కొలిమికి బొగ్గు కాల్చినవాడి చెమట ఉంది, విద్య నేర్పిన సాయిబు ఉన్నాడు. ఒక్క మాటలో అది బహుజనుల వస్తువు. దానికి మంత్రం చదివినోడు ఒక్కడే దానికి వారసుడు ఎలా అయ్యాడు?

పట్టిందెవరు? పల్నాడుకి పోదాం రండి

"సరే, చేశారు. చేసినంత మాత్రాన వీరులైపోతారా? యుద్ధం చేసింది రాజులు గదా" అంటారు కొందరు. మన కోనసీమ గుళ్లలో ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. ఎందుకంటే ఇక్కడ కత్తుల పక్కన పేర్లు రాసిపెట్టినోడు లేడు. జవాబు కావాలంటే పేర్లు మిగిలిన చోటికి పోవాలి. ఆ చోటు పల్నాడు కారెంపూడి.

నాగులేటి ఒడ్డున అక్కడ వీరుల గుడి ఉంది. పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధంలో పడిపోయిన వీరులకి కట్టిన గుడి. దేవుళ్ల గుడి కాదు, మనుషుల గుడి. ఏటా కార్తీక మాసంలో అమావాస్యకి ఉత్సవం మొదలవుతుంది. అయిదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. తెలుగు జిల్లాల నుంచి వీరాచారవంతులు తమ ఇళ్లలో తరతరాలుగా దాచుకున్న ఆయుధాలు పట్టుకుని వస్తారు. వాటిని కొణతాలు అంటారు. నాగులేటిలో కడిగి, మోసుకుంటూ ఊరేగుతారు. వీరుడి ఆయుధమే వీరుడు. కొణతం వచ్చిందంటే ఆ వీరుడు వచ్చినట్టే లెక్క.

ఆ వీరుల్లో ఒకడు మాల కన్నమదాసు. బ్రహ్మనాయుడు కొడుకుగా చేరదీసినవాడు, మాచర్ల సేనకి నాయకుడు. కూలివాడు కాదు, కావలివాడు కాదు, సేనాపతి! మనువు రాసిన ధర్మం ప్రకారం మాలవాడు కత్తి ముట్టకూడదు. పల్నాటి కథలో మాలవాడి మాట మీద సైన్యం కదిలింది. ఈ రెండింటిలో ఏది జరిగిందో కారెంపూడిలో ఉన్న ఇనుము చెబుతుంది.

మందపోరు నాడు చాపకూడు పెడతారు. ఒకే చాప మీద అన్ని కులాల వీరులనీ కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు పెట్టిన కూటికి గుర్తు అది. ఆయుధమూ, అన్నమూ ఒకే ఉత్సవంలో ఎందుకు ఉన్నాయి? ఎవడు నీ పక్కన నిలబడి చచ్చిపోతాడో వాడు నీ పక్కన కూర్చుని తినాలి గనక. ఇంత చిన్న న్యాయం మన ఊళ్ల కల్యాణ మండపాల్లో ఇంకా పూర్తిగా రాలేదు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి కథలో ఉంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ కథ ఎలా బతికింది? శ్రీనాథుడు రాశాడని చెప్పే కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించాడు. అది కథలో ఒక ముక్క. మిగతా కథంతా బతికింది వీరవిద్యావంతుల గొంతులో. వాళ్లు మాలవాళ్లు. రాత్రుళ్లు కత్తి పట్టుకుని నిలబడి కథ పాడింది వాళ్లు. జీన్ రోగేర్ అని ఒక అమెరికా పండితుడు వచ్చి, మాల గాయకుడు పాడిన కథని రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకం వేశాడు. అందులో గాయకుడి పేరుంది, కులముంది. సముద్రాలు దాటి వచ్చినవాడు పాడినవాడి పేరు రాశాడు. మన పండితులు ఎంతమంది రాశారు?

అందుకే కారెంపూడి కొణతాలకి విలువ ఉంది. పాత ఇనుము కాబట్టి కాదు. పాత ఇనుము ఏ కొట్లోనైనా దొరుకుతుంది. కొణతం పక్కన పేరుంది, పేరు పక్కన కథ ఉంది, కథ పక్కన పాడే మనిషి ఉన్నాడు. ఈ మూడూ ఉంటేనే ఆయుధం చరిత్ర అవుతుంది. ఒక్కటి తెగిపోయినా అది తూకానికి అమ్ముకునే ఇనుమే.

ఆయుధం ఎందుకు లాక్కున్నారు?

ఒకవైపు సేనాపతి కన్నమదాసు, ఇంకోవైపు పొలిమేర అవతల వెట్టివాడు. మధ్యలో ఏం జరిగింది? బాబాసాహెబ్ 1936లో రాసిన 'కుల నిర్మూలన'లో దీనికి జవాబు ఉంది. ఇంత అన్యాయాన్ని జనం ఇన్ని వందల ఏళ్లు ఎందుకు ఓర్చుకున్నారు అని ఆయనే ప్రశ్న వేసి, చాతుర్వర్ణ్యం కింది కులాల చేతిలో ఆయుధం లేకుండా చేసింది, చదువు లేకుండా చేసింది, అందుకే తిరగబడలేకపోయారు అని తేల్చాడు. ఆయుధం ఎవరి దగ్గర ఉండాలి అనేది దేవుడి సంగతి కాదు, అధికారం సంగతి. గుళ్లో కత్తి మీద కుంకుమ పూసి ఈ సంగతిని కప్పిపెట్టారు.

మహారాష్ట్రలో భీమా కోరేగావ్ స్తంభం ఉంది. 1818 జనవరి 1న జరిగిన యుద్ధంలో చనిపోయిన మహర్ సిపాయిల పేర్లు దాని మీద చెక్కారు. చెక్కించింది కంపెనీ దొరలు, తమ గెలుపు కోసమే చెక్కించారు. అయినా పేరు పేరే. 1927 జనవరి 1న బాబాసాహెబ్ ఆ స్తంభం దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఇవాళ ప్రతి జనవరి 1కి లక్షల మంది పోతున్నారు. రాయి మీద పేర్లు లేకపోతే ఆ జనం ఎక్కడికి పోతారు?

పేరు రాస్తే ఏమౌతుందో చూడటానికి మహారాష్ట్ర దాకా కూడా పోనక్కర్లేదు. మన అంతర్వేది గుడిని ఇప్పుడున్న రూపంలో కట్టించినవాడు బెండమూర్లంక కొపనాతి కృష్ణమ్మ. మత్స్యకార కులస్తుడు. గుడి 1823లో పూర్తయ్యింది. ఆయన పేరు అక్కడ ఉంది, విగ్రహం అక్కడ ఉంది. రెండొందల ఏళ్లయినా "ఇది మా తాత కట్టించాడు" అని మత్స్యకార సోదరులు తలెత్తి చెప్పగలుగుతున్నారు. ఎవడూ కాదనలేడు. పేరు రాయించుకోవడంలో అంత బలం ఉంది.

రాజుల కత్తికి ఒక ధర, మన కత్తికి ఒక ధర

2023 మే నెలలో లండన్‌లో టిప్పు సుల్తాన్ కత్తిని వేలం వేశారు. కోటీ నలభై లక్షల పౌండ్లు పలికింది. 2024లో మహారాష్ట్ర ప్రభుత్వం లండన్ మ్యూజియం నుంచి శివాజీ పులిగోరు అని చెప్పే ఆయుధాన్ని మూడేళ్లకి అప్పు తెచ్చుకుని సతారాలో ప్రదర్శనకి పెట్టింది. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం తగలబడితే, ప్రభుత్వం కదిలి 2021 ఫిబ్రవరికల్లా కొత్త రథం నిలబెట్టింది. తప్పనడం లేదు. చెయ్యాల్సిందే. రాజు కత్తికి డబ్బుంది, స్వామి రథానికి డబ్బుంది అని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మన అమ్మవారి కత్తి సంగతి. 1987 దేవాదాయ చట్టం ప్రకారం ప్రతి గుడికీ ఆస్తుల రిజిస్టరు ఉండాలి. 43 రిజిస్టరు అంటారు. భూములు, నగలు, పాత్రలు, చరాస్తులు అన్నీ అందులో ఎక్కాలి. మా వైపు ఒక గుడి రిజిస్టరు కాపీ కోసం సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాను. కాపీ వచ్చింది. వెండి కిరీటం గ్రాములతో సహా ఉంది. హారతి పళ్లేలు ఎన్నో ఉంది. గంటలు ఎన్నో ఉంది. జాతరలో ఊరంతా దణ్ణం పెట్టే కత్తి? "ఇనుప సామాను, ఇతరములు." అంతే! ఎంత పొడవు, ఏ కాలానిది, ఎవరిచ్చారు, ఎవరు మోసేవారు, ఒక్క ముక్క లేదు. రేపు దాన్ని ఎవడైనా పాత సామాన్ల వాడికి అమ్మేసినా అడిగేవాడు లేడు. పైగా 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు. వారసత్వం, వారసత్వం అని దసరాకి గొంతు చించుకునే పెద్దమనుషులు రిజిస్టరులో ఒక్క లైను రాయలేకపోయారు.

మనవాళ్ల ప్రశ్నలు

మన పేటల్లో ఈ మాట ఎత్తితే రెండు ప్రశ్నలు వస్తాయి.

మొదటిది చర్చికి పోయే అన్నలు, అక్కలు అడిగేది: "మనం ఏసయ్య బిడ్డలం గదా, అమ్మోరి కత్తి గొడవ మనకెందుకు?" అయ్యా, మొక్కమని ఎవరూ అనడం లేదు. మీ తాత ఎవరికి మొక్కాడు అనేది మీ ఇష్టంతో మారుతుంది. మీ తాత ఎవరు అనేది మారదు. ఆయన చెమట ఉన్న వస్తువు మీద హక్కు బాప్తిస్మంతో పోదు. పోతుందని చెప్పేవాడు మీ సర్టిఫికెట్టు లాక్కున్నవాడి తరఫున మాట్లాడుతున్నట్టే.

రెండోది నాస్తికులు, కమ్యూనిస్టు మిత్రులు అడిగేది: "మూఢనమ్మకాల ఇనుము. దాన్ని పట్టుకుని ఏళ్లాడటం వెనక్కి పోవడం కాదా?" కాదు. మ్యూజియంలో రాజుల కత్తుల్ని చూసి నోట్సు రాసుకుంటే చరిత్ర, మాలపేట కత్తి గురించి అడిగితే మూఢనమ్మకమా? నమ్మకం పోవాలంటే ముందు దాని మీద కుంకుమ తుడిచి కింద ఏముందో చూడాలి. మేం అడుగుతున్నది అదే.

ఇక ఊళ్లో పెద్దలు అనేది ఒకటుంది: "అన్నిట్లోనూ కులం తెస్తారేంట్రా? కత్తికి కులం ఏంటి?" కత్తికి కులం లేదండీ, మేమూ అదే అంటున్నాం. కులం ఉన్నది గడపకి. కులం ఉన్నది రిజిస్టరుకి. కత్తి పట్టుకున్నప్పుడు మాలోడు పనికొచ్చి, పేరు రాయాల్సొచ్చినప్పుడు కులం వద్దంటే ఎలాగండీ?

కుర్రాళ్లకి ఒక మాట

పేటలో కుర్రాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. ఆయుధం చరిత్ర మనదే అన్నాం. ఆయుధం పట్టమని అనలేదు. ఈ తేడా తెలియకపోతే మొత్తం పాడౌతుంది.

ఇవాళ ఊరూరా దసరాకి శస్త్రపూజలు పెడుతున్నారు. మన పిల్లలకి కాషాయం గుడ్డ కట్టి, కత్తి చేతికిచ్చి, ముందు వరసలో నిలబెడుతున్నారు. ఇన్నాళ్లూ గడప ఎక్కనివ్వనివాడు ఇవాళ కత్తి ఎందుకిస్తున్నాడో ఆలోచించండి. ఎవరి మీదికి పంపడానికి? సాయిబు మీదికి, పాస్టరు మీదికి. రేపు కేసు పడితే జైల్లో ఉండేది ఎవరు? పాత జాతరలో మాలోడు నరకాలి, మైల మాలోడికి. కొత్త జాతరలోనూ అదే లెక్క.

కత్తి మన మీదికి ఎలా వచ్చిందో కూడా మర్చిపోవద్దు. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీదికి బరిసెలు, గొడ్డళ్లు పట్టుకుని వచ్చారు. ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ గొడ్డళ్లకి ఏ గుళ్లోనూ పూజ లేదు, ఏ మ్యూజియంలోనూ చోటు లేదు. కానీ తెలుగు దేశపు ఆయుధాల చరిత్ర రాస్తే అవి కూడా రాయాలి. వీరత్వం పేజీ ఒకటి రాసి, హత్యల పేజీ చింపేస్తే ఒప్పుకోం.

మన జిల్లా సంగతీ తెలిసిందే. జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామని 2022 మేలో ప్రభుత్వం ప్రకటించగానే, మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాల్చారు. కారణం ఒక పేరు! రాజ్యాంగం రాసినవాడి పేరు. పేరు రాయడం అంటే మన దేశంలో ఎంత పెద్ద పోరాటమో అంతకంటే రుజువు కావాలా? చివరికి పేరు నిలబడింది. కత్తులతో కాదు, చట్టంతో, జనంతో నిలబడింది.

విజయదశమికి మనకి వేరే అర్థం ఉంది. కళింగ యుద్ధంలో పారిన రక్తం చూసి అశోకుడు కత్తి దించి, దమ్మం పట్టుకున్నాడు. దాని గుర్తుగా అశోక విజయదశమి అంటారు. 1956 అక్టోబరు 14న, ఆ విజయదశమి నాడే, నాగపూర్‌లో లక్షల మందితో బాబాసాహెబ్ బౌద్ధం తీసుకున్నాడు. ఊరంతా కత్తికి పూజ చేసే రోజున ఆయన కత్తి కంటే పెద్దదాన్ని ఎంచుకున్నాడు. కన్నమదాసు కత్తిని మనం గుర్తుపెట్టుకునేది మళ్లీ దూయడానికి కాదు, "మీరు పుట్టుకతోనే వెట్టివాళ్లు" అనే అబద్ధాన్ని నరకడానికి.

మనం అడిగేవి

ఊరికే తిట్టి వదిలెయ్యడం సంఘం పద్ధతి కాదు. మా డిమాండ్లు ఇవి.

ఒకటి. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ప్రతి గ్రామదేవత గుళ్లో ఉన్న ఆయుధాన్నీ ఫోటోతో, కొలతతో, బరువుతో 43 రిజిస్టరులో ఎక్కించాలి. "ఇనుప సామాను" అని కాదు, దాని పేరుతో. గుడి దేవాదాయ శాఖ కింద లేకపోతే పంచాయతీ లెక్క రాయాలి.

రెండు. ఆ ఆయుధంతో సంబంధం ఉన్న కుటుంబాలు ఏవి, ఎవరు మోసేవారు, ఎవరు చేశారు అనేది పేటలో పెద్దోళ్ల నోటి నుంచి విని రాయాలి. ఎనభై దాటిన అవ్వలు, తాతలు ఉన్నప్పుడే రాయాలి.

మూడు. పురావస్తు శాఖ కారెంపూడి కొణతాలకి, వీరవిద్యావంతుల కథలకి కలిపి ఒక పూర్తి రికార్డు తయారుచెయ్యాలి. కన్నమదాసు పేరు, కులం దాచకుండా బడి పుస్తకాల్లో పెట్టాలి.

నాలుగు. జాతరలో, ఊరేగింపులో దళితుల్ని అడ్డుకుంటే నేరం. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో ఇది స్పష్టంగా రాసి ఉంది. గుడి ప్రవేశం కూడా అందులోనే ఉంది. ఈ మాట ప్రతి గుడి ముందూ తెలుగులో బోర్డు మీద రాయాలి. వెట్టి పని చెయ్యమని ఒత్తిడి చేసినా కేసు పెట్టాలి.

అయిదు. శస్త్రపూజల పేరుతో చదువుకునే పిల్లల చేతికి కత్తులివ్వడం ఆపాలి. విద్యగా నేర్పితే అభ్యంతరం లేదు, ఏ కులం పిల్లడికైనా ఏ మతం పిల్లడికైనా సమానంగా నేర్పాలి.

ప్రభుత్వం చేసేదాకా కూర్చుందామా? వద్దు. రెండోది మనమే చెయ్యొచ్చు. దానికి కావాల్సింది ఒక నోటుబుక్కు, చదువుకున్న ఒక కుర్రాడో అమ్మాయో, ఒక సాయంత్రం. ఒక్కో పేట నుంచి ఒక్కో నోటుబుక్కు తయారు చేసి సంఘం ఆఫీసుకి పంపండి. ఫలానా జాతరలో ఫలానా తాత, ఫలానా అవ్వ, ఏ పని, ఎన్నేళ్లు, ఎందుకు మానేశారు అన్నీ రాయండి. ఇంటి పేరుతో సహా రాయండి. వచ్చే జాతరకి ముందే ఆ పుస్తకాలు పట్టుకుని గుడి కమిటీ దగ్గరికీ, తహసీల్దారు దగ్గరికీ పోదాం.

జై భీమ్!